పళ్ళకు పట్టిన పనస జీడి

కొమరగిరి సింహాద్రిరాజు గారికి సరదా పుట్టిందంటే సంస్థానంలో అందరికీ పని పుట్టినట్టే. ఈసారి సరదాకు కారణం చిన్న రాకుమారి కనకాంబ. ఊడిపోయిన ముందు పళ్ళు మళ్ళీ మొలిచాయని నవ్వి చూపించింది.

"నా తల్లికి పళ్ళొచ్చాయి. అందుకని పళ్ళ పండుగ చేద్దాం," అన్నారు రాజుగారు. "ఎవరింట్లో వాళ్ళు, ఎవరి చేత్తో వాళ్ళు పళ్ళరసం కలిపి జీళ్ళు చేసి తేవాలి. వంటవాళ్ళను పిలిచారో, ఊరుకోను."

పప్పు ఏ చెట్టుకు కాస్తుందో తెలియని దొరలంతా బెల్లం పాకం ఎలా సాగదీయాలా అని తలలు పట్టుకున్నారు.

ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి మాత్రం పట్టుకోలేదు. ఆయన నోరు తెరిస్తే మూయడు, మూస్తే అది ఊపిరి తీసుకోవడానికే. ఒకరిని మెచ్చుకున్న పాపాన పోలేదు. కొలువులో హాస్యగాడు తవిటయ్య అంటే ఆయనకు మరీ ఒళ్ళుమంట.

"ప్రభూ, పండుగకు నాలుగు దేశాల వాళ్ళూ వస్తారు. ఈ తవిటయ్యను చూసి నలుగురూ నవ్వుతారు. సాగనంపండి," అన్నాడు.

"నలుగురూ నవ్వాలనే కదండీ నాకు జీతమిస్తున్నారు," అన్నాడు తవిటయ్య.

శాస్త్రి వదల్లేదు. హాస్యం వల్ల రాజ్యాలకు వచ్చే కీడు గురించి మొదలుపెట్టి, మధ్యాహ్న భోజనం చల్లారిపోయేదాకా చెప్పాడు. ఆకలికి రాజుగారి ఓపిక చచ్చిపోయింది.

"తవిటయ్యా, అందరి జీళ్ళకన్నా నీ జీడే మిన్న అని శాస్త్రిగారి చేత ఒప్పించు. ఒప్పించావా, నీ కొలువు నీది. లేదా, పండుగ మర్నాడు మూటాముల్లే సర్దుకో."

శాస్త్రి మీసాల్లో నవ్వుకున్నాడు. ఆయన చేత ఒప్పించడమంటే కుక్కతోక వంకర తీయడమే మరి.

తవిటయ్య పండుగనాడు పొద్దున్నే ఇంట్లో పనసతొనల రసం, బెల్లం కలిపి పొయ్యిమీద పెట్టాడు. కలపడం మానేసి గుమ్మంలో కూర్చుని దిగులుపడ్డాడు. ఈ కొలువు తప్ప అతనికి వేరే పని చేతకాదు.

"మావా, పాకం ముదిరిపోనాది," అని కేకేసింది పెళ్ళాం సన్యాసమ్మ. "నువ్వక్కడ కూకొని ఏడుస్తంటే ఇదేటైపోనాదో సూడు. పళ్ళకి పట్టిందంటే ఇడవదు."

ఇద్దరూ కలిసి పాకాన్ని గుంజకు కొట్టిన మేకుకు తగిలించి లాగారు. బారెడు సాగింది గాని తెగలేదు. తవిటయ్య ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. అంతే, దవడలు అతుక్కుపోయాయి. అది కరిగేలోగా సన్యాసమ్మ, పెళ్ళైనప్పటి నుంచీ దాచుకున్న తిట్లన్నీ తీరిగ్గా తిట్టేసుకుంది.

నోరు ఊడిరాగానే తవిటయ్య నవ్వాడు.

"ఇంకో పాకం పెడదామేటి?" అంది ఆమె.

"వద్దే. ఇదే బాగుంది."

కొలువులో పళ్ళేలు బారులు తీరాయి. శాస్త్రి రుచి చూస్తూ వచ్చాడు. సేనాపతి మామిడి జీడిని కొరికి, "ఇది జీడా, ఫిరంగి గుండా?" అన్నాడు. మంత్రిగారి సీతాఫలం జీడి వేళ్ళసందుల్లోంచి కారిపోతుంటే, "దీన్ని తినాలా, జుర్రుకోవాలా?" అన్నాడు. ఒక్కోదానికీ ఓ ఉపన్యాసం దంచాడు.

తవిటయ్య వంతు వచ్చింది. వంగి దండం పెట్టి పళ్ళెం చాపాడు.

"శాస్త్రిగారూ, తమ నోటికి తగ్గ ముక్క ఏరి తెచ్చాను."

శాస్త్రి తిట్టే తొందరలో ముక్క మొత్తం నోట్లో పడేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. మూడోసారికి పై పళ్ళూ కింది పళ్ళూ ఒకటైపోయాయి.

"అన్నింటికన్నా నా జీడే మిన్న అంటారా? కాదంటే ఆ మాట చెప్పేయండి."

"మ్... మ్మ్..." శాస్త్రి కళ్ళెర్రజేసి తల అటూ ఇటూ ఆడించాడు.

"చూశారా ప్రభూ, రుచికి తల ఊపుతున్నారు."

"అది ఒప్పుకోవడం ఎలా అవుతుందయ్యా? ఆయన నోటివెంట ఒక్క మాటైనా రాలేదే," అన్నారు రాజుగారు.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా ప్రభూ."

"అర్ధమంటే సగం. సగం ఒప్పుకుంటే నీకు సగం కొలువే."

తవిటయ్య శాస్త్రివైపు తిరిగి, వినయంగా అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. శాస్త్రి నోట్లో వేలుపెట్టి లాగాడు. జీడి సాగింది గాని మాట రాలేదు.

"రెండు సగాలూ వచ్చాయి ప్రభూ. కలుపుకుంటే పూర్తి అంగీకారమే."

కొలువు గొల్లుమంది. కనకాంబ కొత్త పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ, "నీ కొలువు నీదే. ఏదీ, ఆ జీడి నేనూ చూస్తాను," అని ఓ ముక్క తీసి నోట్లో వేసుకున్నారు.

ఆయన దవడలు బిగిసేదాకా ఆగి, తవిటయ్య చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ చేతి కంకణం ఈ దాసుడికేనా?"

"మ్..."

"సగం ఖాయమైంది. రెండోసారి కంకణమే అడగనా, కిరీటం అడగనా అని ఆలోచిస్తున్నాను ప్రభూ."

రాజుగారు నోరు తెరవలేక, భుజాలు ఎగిరిపడేలా నవ్వుకుంటూ, గబగబా కంకణం ఊడదీసి తవిటయ్య చేతికి తొడిగేశారు.