సున్నపుకోనలో ఏటా ఎదిగే గుమ్మటం

కనుమ దాటి దిగే యాత్రికులకు మొదట కనిపించేది గొంగడి షావలి దర్గా తెల్లని గుమ్మటం. దానికి ముందున్న రాజుల మేడ ఆ తరువాతే కంటికి ఆనుతుంది. కమానులతో, చెక్కడపు కిటికీలతో మేడ అందమైనదే. పై అంతస్తు మాత్రం సగమే ఉంది. అందులో ఇప్పుడు కోతులు కాపురముంటున్నాయి. పాత యజమానుల కంటే వీటితో ఊరికి గొడవలు తక్కువ. కోనలో ఎవరిని అడిగినా గుమ్మటానికి మొదటి రాయి తమ ముత్తాతే మోశాడంటారు. దర్గా కమిటీ పెద్ద ఓబులేసు అయితే తన ముత్తాతలిద్దరినీ ఆ మోతకు పంపించాడు. ఆ రాళ్లన్నీ నిజమైతే గుమ్మటం కొండను మించి ఉండాలి. కాబట్టి అసలు కథ ఇక్కడ ఇస్తున్నాము.

పూర్వం ఇక్కడ వీరబసవ నాయకుడనే పాలెగాడు ఆ మేడలో ఉండి ఏలుతుండేవాడు. నీటిబుగ్గ పక్కన ఒక ఫకీరు, గొర్రెలకాపరులిచ్చిన గొంగడి కప్పుకొని ఉండేవాడు; ఆయనే గొంగడి షావలి. మంచు కమ్మినప్పుడల్లా ఆయన గట్టెక్కి మంట వేసేవాడు. కాపరులు ఆ వెలుగు చూసి మందలను దించేవారు. ఆయన గతించిన ఏడే మల్లప్ప అనే కాపరి మంచులో దారి తప్పి, లోయలో పడి చనిపోయాడు. అతని భార్య లింగమ్మకు ఫకీరు కలలో కనబడి, "నా సమాధి మీద తెల్లగా ఏదైనా కట్టండి. కనుమలోంచి కనబడాలి. ఇంకొకరు పడకూడదు" అని చెప్పాడు. ఆమె కొడుకులు కూడా ఆ కొండల్లోనే మందలు తోలుతున్నారు.

కాపరులూ, మేస్త్రి మదారు సాహెబూ కలిసి సమాధి మీద గుమ్మటం లేపారు. అది మేడ ఎత్తుకు వచ్చేసరికి, తన మేడను మించరాదని నాయకుడు పని ఆపించాడు. మేడ అడ్డంగా ఉన్నందున, ఆ ఎత్తులో అది కనుమకు కనబడదు. లింగమ్మ కొలువుకు వెళ్లింది.

"ఇంకొక్క రాయి పెట్టారంటే చేతులు నరికిస్తా" అన్నాడు నాయకుడు.

"పెట్టం దొరా. ఏటా సున్నమైనా కొట్టుకోవచ్చునా?"

"కొట్టుకోవే, నీ ఓపిక!"

కొలువంతా నవ్వింది. అక్కడివారి ఉద్యోగమే అది.

ఆ ఏడు ఉరుసుకు ప్రతి ఇంటివారూ బెల్లపు నీళ్లలో నానబెట్టిన సున్నపు ముద్దను మోదుగాకులో తెచ్చారు. గుమ్మటం కొన మీద బొటనవేలి మందాన మెత్తి, ఏడాదంతా ఆరనిచ్చారు. మరుసటి ఉరుసుకు దాని మీద మరో పూత. అది కనబడేదాకా మంచు రోజుల్లో లింగమ్మే గట్టెక్కి మంట వేసింది. ఆమె మోకాళ్లు మొరాయించే వయసుకు గుమ్మటం మేడ మీదుగా కనుమలోకి తొంగిచూసింది.

జుట్టు నెరిసిన నాయకుడు గుర్రమెక్కి వచ్చి, అదంతా గీకేయమన్నాడు. లింగమ్మ గుమ్మటానికి వీపు ఆనించి నిలబడింది.

"రాయి పెట్టామా దొరా? వెతికించుకోండి. కొట్టుకోమన్న మాట తమరిదే. కాదనాలంటే కొలువులో అందరి ముందూ కాదనండి. నేను మాత్రం జరగను. నా పెనిమిటిని మింగిన మంచు ఇంకా వస్తానే ఉంది."

"నీ పొగరు తగ్గలేదే!"

"గుమ్మటంతో పాటే పెరిగింది సామీ."

ఆడిన మాట వెనక్కి తీసుకోవడం నాయకునికి నామోషీ. అందుకని గుమ్మటాన్ని మించేలా మేడ మీద ఇంకో అంతస్తు లేపమన్నాడు. పచ్చిసున్నం ఆరనివ్వాలని మదారు సాహెబు మొత్తుకున్నా, వచ్చే ఉరుసులోగా కావాలన్నాడు. తొలి వానలకే సగం కూలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నాయకుడు కింద భోజనశాలలో ఉన్నాడు; ఆయన సాధారణంగా అక్కడే దొరికేవాడు. ఆ చలికాలం కనుమలో చిక్కుకున్న లింగమ్మ పెద్దకొడుకు, మంచు పైన తేలుతున్న గుమ్మటాన్ని చూసుకుంటూ మందతో సహా ఇల్లు చేరాడు. అప్పటినుంచి ఇది సున్నపుకోన అయింది.

నేటికీ ఉరుసునాడు యాత్రికుల సున్నపు ముద్దలు చేతులు మారుతూ గుమ్మటం కొనకు చేరతాయి. ఏ చేయి ఎవరిదని అడిగే ఆచారం ఇక్కడ లేదు. అరచేతులు రెండు రోజులు మండుతాయి. సున్నం సమర్పించినవారు దారి తప్పరనీ, తప్పిపోయినవారు ఇల్లు చేరతారనీ నమ్మకం. అల్లుళ్ల కోసం మొక్కుకునేవారు ముందే బాగా ఆలోచించుకోవలెను. ఈ మధ్య ఎవరో వచ్చి, గుమ్మటానికి సున్నం వేయరాదని ఒక బోర్డు నాటి వెళ్లారు. ఆ బోర్డుకు కూడా ఏటా సున్నం పడుతోంది.