ఆరువేళ్ల లెక్క

రేపు పట్టాభిషేకం అనగా, ఇవాళ చాపలల్లే సింగారికి కొలువులో కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంటికి ఇరవై చాపలు తెమ్మని కోటనుంచి తాఖీదు వస్తే, రెక్కలు ముక్కలు చేసుకుని అల్లి తెచ్చింది. తీరా తెచ్చాక యువరాజు లెక్కే మార్చేశాడు.

ఆయనకు పుట్టుకతోనే చేతికి ఆరేసి వేళ్లు. "జనం లెక్కించేది చేతివేళ్ల మీదేగా! ఇకనుంచి నా వేళ్లే లెక్క. నా రెండు చేతుల పన్నెండు వేళ్లూ కలిపితేనే పది. అలాంటి పదులు రెండైతే ఇరవై. నీవి ఇంకా నాలుగు తక్కువ!" అన్నాడు.

పొద్దుగూకేలోగా తేకపోతే మగ్గం పట్టుకుపోతామన్నారు భటులు. ఇంట్లో చూస్తే అల్లడానికి ఒక్క తుంగపోచైనా లేదు. సింగారి కొంగు మెలిపెడుతూ గుమ్మంకేసి చూసింది, సింహాసనంకేసి చూసింది. అక్కడ రాజమాత కూర్చుని ఉంది. కొడుక్కి ఇరవై ఏళ్లు నిండేదాకా ఏలుబడి ఆవిడదే.

"దొరా, తమకు ఎన్నేళ్లండీ?" అంది సింగారి.

"ఇవాళ్టితో ఇరవై నిండాయి. అందుకేగా రేపు కిరీటం!"

"తమ వేళ్ల మీదేనాండీ?"

యువరాజు వేళ్లు మడుస్తూ మడుస్తూ మధ్యలో ఆగిపోయాడు.

రాజమాత నవ్వాపుకుంటూ, "నిజమే నాయనా, నీ ఇరవైకి ఇంకా నాలుగేళ్లు తక్కువ. అందాకా నేనే చూసుకుంటాలే," అంది.

"లేదు లేదు! అందరి వేళ్లే లెక్క!" అంటూ యువరాజు రెండు చేతులూ వీపు వెనక దాచేసుకున్నాడు.

అవి మళ్లీ బయటికి రాకముందే సింగారి గుమ్మం దాటేసింది.