వెలగపండుకి వాసన వచ్చిన కథ

ఒకప్పుడు వెలగపండుకి వాసనే ఉండేది కాదు. ఎంత ముగ్గినా కొమ్మను పట్టుకుని వేలాడేదే గాని కింద పడేది కాదు. ఏనుగులుండగా దానికా అవసరమేముంది?

కొండవాలున ఒక వెలగచెట్టు ఉండేది. ఏనుగులొచ్చి తొండంతో పళ్ళు తెంపి, పెంకుతో సహా గుటుక్కున మింగేవి. ఎక్కడో దూరాన వాటి లద్దెలోంచి మొక్కలు లేచేవి. చెట్టుకి ఆ గర్వం కాస్త ఎక్కువే. ఉడతలొస్తే, ఏనుగుల కోసం పెంచుకున్న పెంకు ఇది, మీబోటివాళ్ళ కోసమా అని తరిమేసేది.

ఒక ఏడు వాగు ఎండిపోయింది. ఏనుగులు నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ రాలేదు. పళ్ళు కొమ్మల మీదే ఎండి డొల్లలయ్యాయి. గాలివానకి ఒకటీ అరా రాలి మొలిచినా, ఆ మొక్కలు తల్లి నీడలో ఎండ తగలక చచ్చిపోయాయి. ఇక తనతోనే వంశం ఆఖరని చెట్టు కుమిలిపోయింది. సిగ్గు విడిచి ఉడతనే బతిమాలింది. పాపం అది రెండు రోజులు కొరికి, పళ్ళు నొప్పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు మేకలు తోలుకుంటూ నాంచారి వచ్చింది. ఒకటి తెంపి రాతికేసి కొట్టింది. తీరా చూస్తే పచ్చికాయ. నోరంతా వగరెక్కి తుపుక్కున ఉమ్మేసింది.

ఇంకొకటి తిని చూడమని చెట్టు బతిమాలింది.

"ఏది పండో ఏది కాయో పైకి తెలీకపోతే ఎట్టా తినేది వెలగమ్మా?" అంది నాంచారి. "ఏనుక్కయితే అన్నీ ఒకటే. ముగ్గినదాన్ని నువ్వే వదిలెయ్. అది నాకు తెలిసేట్టు కాస్త వాసన పెట్టు."

వదలడమంటే చెట్టుకి ప్రాణం మీదికొచ్చింది. ఇన్నాళ్ళూ తెంపుకుపోయేవాళ్ళే గాని తనుగా వదిలింది లేదు. చివరికి మనసు గట్టి చేసుకుని, ముగ్గిన పండొకదానికి వాసన పెట్టి వదిలింది. అది ధబ్బున పడింది. కమ్మటి వాసన మేకల దాకా పోయింది.

నాంచారి దాన్ని పగలగొట్టి బెల్లంతో తింది. చెట్టు ఇంకో నాలుగు వదిలితే, ఒళ్ళో వేసుకెళ్ళి పిల్లలకి పెట్టింది. గింజలంటిన డొల్లల్ని దొడ్డివెనక పెంటకుప్ప మీద పారేసింది. వానలు పడగానే అక్కడ వెలగమొక్కలు లేచాయి. మేకలు తినకుండా నాంచారి వాటిచుట్టూ కంప నాటింది. కొండమీంచి అది చూసి చెట్టు ఆకులన్నీ ఊపింది.

అప్పటినుంచే వెలగపండు ముగ్గగానే ఘుమఘుమలాడుతూ తనంతట తానే రాలుతోంది. పెంకు మాత్రం ఇంకా గట్టిదే. ఏనుగులు ఎప్పటికైనా తిరిగొస్తాయేమోనని.