వార్డు ఫోనుకు పంపిన సవరణ

పరాంకుశం మాస్టారు ఆఫీసుల్లో ఇంటర్నెట్ ఫోన్లు అమర్చే పని నేర్పేవారు. ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. "పనుంది, రా" అనేవారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే ప్రశ్న ఇంకా పండనట్టు.

కాకినాడలో ఆయన శిష్యురాలు దమయంతి. ఆమె కూతురు చారుమతి ఎక్కడో నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

"తిండి, నిద్ర, చదువు, స్నేహాలు, ఏదీ వదలకుండా చెబుతూనే ఉన్నాను మాస్టారూ. మొదట్లో గలగలా మాట్లాడేది. ఇప్పుడు 'ఊఁ' తప్ప మాట రాదు. నిన్నయితే, ఇక ఆదివారాలే ఫోన్ చెయ్యమ్మా అంది. ఇంకేం చెబితే నా పిల్ల మళ్ళీ నాకు దక్కుతుంది?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఆసుపత్రిలో ఫోన్లు పెట్టాలి, రా."

అది కొత్తగా కట్టిన ప్రసూతి ఆసుపత్రి. ఒక్కో ఫోన్ దగ్గరికీ వెళ్ళి మీటలు నొక్కే పని లేదు. ఏ ఫోనుకు కావలసింది ఆ ఫోనుకు సర్వర్‌లో ఒక ఫైలుగా రాసిపెడతారు. ఫోన్ మేలుకోగానే సర్వర్‌ని అడిగి తన పేరు, నంబరు, నడవడి తెచ్చుకుంటుంది. ఫైలు మారిస్తే ఒకసారి ఆరిపోయి, కొత్త మాట చదువుకుని మళ్ళీ వెలుగుతుంది. ఆరడం ఎప్పుడన్నదీ ఫైల్లోనే రాయాలి: మాట్లాడటం అయ్యాకనా, వెంటనేనా. తప్పు ఒక్క క్షణం కూడా నిలవకూడదని దమయంతి 'వెంటనే' అని రాసింది.

ఫోన్లన్నీ వెలిగాయి. మాస్టారు వార్డులోకి వెళ్ళారు. సర్వర్ గదిలో దమయంతికి మనసు నిలవలేదు. వార్డు ఫోన్ గంట మరీ గట్టిగా ఉందేమో, పసికందులు ఉలిక్కిపడతారేమో! గంట తగ్గించి సవరణ పంపింది. మంచిపని చేశానన్న తృప్తితో వార్డుకు నడిచింది.

అక్కడ నర్సు ఎస్తేరు ఆరిపోయిన ఫోన్‌ని చెవికి అదుముకుని అరుస్తోంది. "హలో! ఏ ఊరు తల్లీ? హలో!" దమయంతిని చూసి మండిపడింది. "ఏం ఫోన్లు తెచ్చారమ్మా, మా ప్రాణానికి! ఎవరో చిన్నపిల్ల. నొప్పులొస్తున్నాయక్కా, ఇంట్లో ఎవరూ లేరంది. ఊరు చెప్పబోతుంటే ఈ ఫోన్ చచ్చింది!"

'వెంటనే' అని రాసింది తనేనని దమయంతికి గుర్తొచ్చింది. ఫోన్ వెలిగింది గానీ పిల్ల నంబరు చెరిగిపోయింది; మోగనూ లేదు.

"మళ్ళీ చేస్తుందంటారా, మాస్టారూ?"

"చెయ్యొచ్చు. అందరూ చెయ్యరు."

అప్పుడు మోగింది, పసికందులు కదలనంత మెత్తగా. ఎస్తేరు అందుకుంది. ఊరి పేరు వినగానే గుమ్మంలో ఉన్న అంబులెన్సు డ్రైవరుకు వినిపించేలా పైకి చెప్పి, పరుగెత్తమని చెయ్యి ఊపింది. "వస్తున్నారు తల్లీ. పెట్టెయ్యకు, మాట్లాడుతూనే ఉండు. ఆఁ, వింటున్నా."

దమయంతి ముఖం జేవురించింది. గిరుక్కున తిరిగి సర్వర్ గది వైపు అడుగేసింది. "ఆ ఫైలు ఇప్పుడే సరిచేసేస్తాను."

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"కూర్చోమ్మా. ముందు ఆ పిల్లను చెప్పుకోనీ."