పెంగ్విన్ బావ మొహమాటం

ఒకప్పుడు పెంగ్విన్ ఎగిరేది. నవ్వకండి, నిజంగానే ఎగిరేది. కాకికంటే ఎత్తుగా, కొంగకంటే సాఫీగా.

అప్పట్లో అడవిలో ప్రతి జంతువుకీ ఒక పాత కంప్యూటరు ఉండేది. వాటిలో లినక్స్, అంటే కంప్యూటరుని నడిపించే ప్రోగ్రాము, వేసిపెట్టే పని పెంగ్విన్ బావది. మంచుదేశంలో పెళ్ళాం గుడ్డు పొదుగుతుంటే, వాడు పగలంతా అడవిలో తిరిగి సాయంత్రానికి ఎగిరి ఇల్లు చేరేవాడు. గుడ్డు వాడికప్పగించి అప్పుడామె చేపలు తినడానికి వెళ్ళేది. వాడు రాకపోతే ఆమెకు పస్తే.

వాడి మెడలో చిన్న సంచి. అందులో లినక్సూ, దానికి ఒకే ఒక డెస్క్‌టాపూ. డెస్క్‌టాప్ అంటే కంప్యూటరు తెరవగానే కనబడే ముఖం. బొమ్మలూ బటన్లూ ఉంటాయే, అదన్నమాట.

ఒకరోజు జంతువులన్నీ పంచాయితీ పెట్టాయి. అసలు ఏ డెస్క్‌టాప్ ముందే పెట్టి ఇవ్వాలని.

"మెరిసేది పెట్టు బావా," అంది నెమలి. "విండో మూస్తే రంగులు చిమ్మాలి."

"ఆ సోకులు నా మిషను మోయలేదు నాయనా," అన్నాడు తాబేలు తాత. "అది మా తాత వాడింది. తేలికైనది పెట్టు."

కోతికి మెనూ రోజుకోచోట ఉండాలట. బల్లికి అసలు ముఖమే వద్దట. "నల్లతెరమీద అక్షరాలు చాలు. బొమ్మలు చంటిపిల్లలకి," అని గోడమీంచి వెక్కిరించింది. నెమలి దాన్ని పొడవబోయింది.

ఒక్కటి పెట్టి, "తక్కినవి కావలసినవాళ్ళు తెచ్చుకోండి" అంటే సరిపోయేది. కానీ పెంగ్విన్‌కి మొహమాటం జబ్బు.

"దానిదేముంది వదినా, మీదీ పెడతాను," అన్నాడు నెమలితో. తాతతోనూ అదే మాట, కోతితోనూ అదే మాట. బల్లి కోసం, ముఖం లేనిది కూడా ఒక మూట కట్టాడు. లేనిదాన్ని మూట ఎలా కట్టాడో నన్నడక్కండి.

డెస్క్‌టాప్‌కి బరువేమిటంటారా? మోసినవాణ్ణి అడగండి. సంచి కాళ్ళదాకా వేలాడింది. ఆ సాయంత్రం దాంతోనే ఇంటికి ఎగిరాడు. సముద్రం సగం దాటాడో లేదో, దభీమని నీళ్ళలో పడ్డాడు.

ఏడుపొచ్చింది. ఇంటి దగ్గర పెళ్ళాం ఆకలితో ఉంది. సంచి వదిలేస్తే ఎగరొచ్చు. "వదిలేస్తే నెమలి వదిన ఏమనుకుంటుందో!" అనుకుని, సంచితోనే ఈదాడు, వెర్రిబాగులవాడు. నెలరోజులు ఈదేసరికి రెక్కలు అరిగి తెడ్లయ్యాయి. సంచి పొట్టకి అతుక్కుపోయి బొజ్జయింది. ఒడ్డెక్కి అటూ ఇటూ ఊగుతూ ఇల్లు చేరాడు.

పెళ్ళాం ఎముకల గూడై ఉంది. గుడ్డు మాత్రం వెచ్చగానే ఉంది.

"ఎక్కడికి పోయావయ్యా?" అందామె.

వాడు జరిగిందంతా చెప్పాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

"ఒక్కసారి వద్దంటే నీ సొమ్మేం పోయేది? ఊళ్ళోవాళ్ళకి ఎన్ని ముఖాలు మోశావు! నేనొక్కదాన్నే గుర్తురాలేదా?"

వాడికి నిజంగానే సిగ్గేసింది.

"కాళ్ళు దగ్గరపెట్టి నిలబడు," అంది. గుడ్డుని దొర్లించి వాడి పాదాలమీద పెట్టింది. "అడుగు తీస్తే జారి పగులుతుంది. ఇప్పుడెవరింటికి వెళ్తావో చూస్తాను!" అని చేపల కోసం వెళ్ళిపోయింది.

అప్పటినుంచే పెంగ్విన్ ఎగరదు, ఊగుతూ నడుస్తుంది. మగ పెంగ్విన్ గుడ్డుని పాదాలమీద పెట్టుకుని వారాల తరబడి మంచులో నిలబడే ఉంటుంది. ఎవరొచ్చి ఏమడిగినా తలెత్తదు. కిందికి, గుడ్డువైపే చూస్తుంది.