ముప్పయ్యో పిట్ట

భానోజీకి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. పంచాల్సిన పిట్టలు ఇరవైతొమ్మిది. ఆశపడుతున్నవాళ్ళు నూటికి పైనే. ఎవరికివ్వాలి? ఎవరి మొహం మీద లేదని చెప్పాలి?

పిట్టలంటే గవరయ్య గారు చేసిన లక్క బొమ్మలు, వడ్రంగి పిట్టలు. నిలువు పుల్ల పైకొసకి ఎక్కించి వదిలితే చాలు, ముక్కుతో టకటకా పొడుచుకుంటూ కిందికి దిగుతాయి. తుపానుకి కూలిన ఒకే ఒక్క అంకుడు మానుతో చేసినవి. మాను అయిపోయింది, పిట్టలూ అయిపోయాయి. మళ్ళీ చెయ్యనని గవరయ్య గారు ముందే చెప్పేశారు. ఆయన చెయ్యనన్నాక కలెక్టరు వచ్చి అడిగినా చెయ్యరు.

ఆయన బొమ్మలంటే పడిచచ్చేవాళ్ళంతా కలిసి లక్కబొమ్మల అభిమాన సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. విశాఖపట్నం నర్సులు, విజయనగరం లెక్చరర్లు, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ వాళ్ళు. అందరూ పెద్దవాళ్ళే. కొత్త బొమ్మ వస్తోందంటే మాత్రం వాట్సాప్ గ్రూపులో వాళ్ళు చేసే గోల ముందు పిల్లలు నయం.

భానోజీ కూడా ఆ గుంపులోంచి వచ్చినవాడే. మూడేళ్ళ కిందట బొమ్మ కొనుక్కుందామని వచ్చి, గవరయ్య గారి లేత్ పక్కన కూర్చుని, ఇంక లేవలేదు. శిష్యుడైపోయాడు. ఇంట్లో ఒక అలమర నిండా గురువుగారి బొమ్మలే. ఆయన చేసిన ప్రతి రకమూ అందులో ఉంది. రోజూ దాని ముందు నిలబడి ఒకసారి తృప్తిగా చూసుకుంటే గాని వాడికి నిద్ర పట్టదు.

కిందటేడు ఏనుగుల అమ్మకం రోజున ముందొచ్చినవాళ్ళకి ముందన్నారు. ఫణీంద్ర అనే మెంబరు తెల్లారకముందే వ్యాను నిండా మనుషుల్ని వేసుకొచ్చాడు. ఒక్కొక్కరి చేతా ఒక్కో ఏనుగు కొనిపించి, అన్నీ తనే తీసుకుని, వారం తిరక్కుండా మూడింతలకి అమ్ముకున్నాడు. డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వచ్చిన శశిరేఖ అనే నర్సుకి ఖాళీ బల్ల మిగిలింది. ఆవిడ గేటు పట్టుకుని ఏడ్చేసింది. గ్రూపులో తిట్టుకున్నారు. సగం మంది వెళ్ళిపోతామన్నారు. ఈసారి కూడా అలాగే జరిగితే సంఘం మిగలదు, ఆ సంగతి భానోజీకి బాగా తెలుసు.

గవరయ్య గారు మొగలాకుతో పిట్ట వీపు మెరుగు పెడుతున్నారు. భానోజీ ఎదురుగా కూర్చున్నాడు.

"గురూగారూ, పాత మెంబర్లకి ముందిద్దామండి."

"ఊఁ."

"వద్దులెండి, కొత్తవాళ్ళేం పాపం చేశారు? వేలం పెడదామంటే డబ్బున్నవాళ్ళు ఎగరేసుకుపోతారు. పరీక్ష పెడదామండి. మీ బొమ్మల గురించి ప్రశ్నలు అడుగుదాం. బాగా చెప్పినవాళ్ళకి పిట్ట."

"ఊఁ."

"పోనీ, కిందటేడు దక్కనివాళ్ళకే ఇద్దామా?"

"మరి ఫణీంద్రకో?"

"వాడికి ససేమిరా ఇవ్వకూడదండి!" భానోజీ గొంతు లేచింది.

"మరి నీకో?"

భానోజీ నవ్వాడు. అటకవైపు వేలు చూపించాడు. అక్కడ వార్తాపత్రికలో చుట్టిన చిన్న పొట్లం ఉంది. "నాది ఎప్పుడో తీసి దాచేశానండి. తురాయికి రంగెక్కించింది నేనే కదండీ."

గవరయ్య గారు మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచారు. పొట్లం దించారు. కాగితం విప్పి, పిట్టని తీసుకెళ్ళి బల్ల మీద తక్కిన పిట్టల మధ్య పెట్టారు. రెండు చేతులతో ముప్పై పిట్టల్నీ అటూ ఇటూ జరిపి కలిపేశారు. ఏది భానోజీదో ఇప్పుడు భానోజీకే తెలియదు.

తరవాత నేల మీద పడున్న మాను తరుగులోంచి గుండ్రటి బిళ్ళ ఒకటి ఏరి, పెన్సిలుతో సహా వాడి చేతికిచ్చారు.

"పేరు రాయిరా."

భానోజీ రాశాడు. ఆయన ఆ బిళ్ళ పుచ్చుకుని ఖాళీ నూనె డబ్బాలో పడేశారు. డబ్బా టంగుమంది. ఆయన మళ్ళీ కూర్చుని మొగలాకు అందుకున్నారు.

ఆ మధ్యాహ్నమంతా భానోజీ పెరట్లో పచార్లు చేశాడు. తను చెప్పినవన్నీ మళ్ళీ వరసగా తలచుకున్నాడు. పాత మెంబర్లకి ముందంటే, తనకంటే పాతవాళ్ళు యాభై మంది ఉన్నారు. పరీక్ష పెడితే, ప్రశ్నలు రాసేది తనే, నెగ్గితే ఎవరు నమ్ముతారు? కిందటేడు దక్కనివాళ్ళకే అంటే, తనకి ఏనుగు దక్కింది. పొద్దున ఎంతో న్యాయంగా కనిపించినవన్నీ ఇప్పుడు తన నెత్తిమీదికే వస్తున్నాయి. వాడికి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే గురువుగారి ముందు నిలబడ్డాడు.

"మనిషికి ఒకటేనండి, అదీ మెంబర్లకే. ఎవరి బిళ్ళ వాళ్ళే రాసి డబ్బాలో వెయ్యాలి. డ్యూటీలుండి రాలేనివాళ్ళు ఫోను చేస్తే వాళ్ళ పేరు అందరి ముందూ రాసి వేద్దాం. ఎవరి పేరొస్తే వాళ్ళే తరవాతి బిళ్ళ తియ్యాలి. మనం డబ్బాలో చెయ్యి పెట్టొద్దు. పిట్టని పట్టుకెళ్ళేముందు ఇక్కడే ఒకసారి ఆడించాలి."

"ఫణీంద్రకో?"

భానోజీ డబ్బా వైపు చూశాడు. "ఆయనా మెంబరే కదండీ."

గవరయ్య గారు తలెత్తి చూశారు. "ఇంకేటి ఆలస్యం? ఫోన్లు కొట్టు."

ఆదివారం పెరడు కిటకిటలాడిపోయింది. బస్సుల్లో వచ్చారు, కార్లలో వచ్చారు, ఒకాయనైతే కాలికి కట్టుతో వచ్చాడు. బిళ్ళలు పడ్డకొద్దీ డబ్బా చప్పుడు మారుతోంది. ఫణీంద్ర ఈసారి ఒక్కడే వచ్చాడు. తన బిళ్ళ వేసి, ఎవరి మొహమూ చూడకుండా వెనక గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

కాలికి కట్టున్నాయన చేత మొదటి బిళ్ళ తీయించారు. విజయనగరం లెక్చరరు! ఆయన పరుగెత్తుకొచ్చి పిట్టని పుల్ల ఎక్కించి వదిలాడు. టకటకటక! పెరడంతా ఈలలు. పెట్టెలో బొమ్మ పెట్టెలోనే ఉండాలని పట్టుబట్టే మనిషి, ఇంకొక్కసారి అంటూ మళ్ళీ ఎక్కించాడు.

రెండో పేరు, మూడో పేరు. పిలిచిన ప్రతిసారీ భానోజీ మునివేళ్ళ మీద లేచి మళ్ళీ దిగుతున్నాడు. బల్ల మీద పిట్టలు తగ్గుతున్నాయి, పెరట్లో టకటకలు పెరుగుతున్నాయి. దక్కనివాళ్ళు సైతం దక్కినవాళ్ళ పుల్లల చుట్టూ మూగి, "నాకోసారి ఇవ్వండీ" అని బతిమాలుకుంటున్నారు.

"శశిరేఖ!"

ఆవిడ కెవ్వుమంది. చెప్పులు ఎక్కడో వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పిట్ట టకటకా దిగుతుంటే రెండు చేతులూ చెంపలకి ఆన్చుకుని చూసింది. అప్పటికి బల్ల మీద ఒక్క పిట్టే మిగిలింది. ఆఖరి బిళ్ళ తియ్యాల్సింది ఆవిడే.

"నా వల్ల కాదు బాబూ, గుండె ఆగిపోయేలా ఉంది," అంటూనే చెయ్యి పెట్టింది.

భానోజీ కళ్ళు మూసుకున్నాడు. నాదే, నాదే, నాదే. తురాయి కళ్ళ ముందు ఎర్రగా మెరుస్తోంది.

శశిరేఖ బిళ్ళ తీసి చూసింది. వెనక గోడ వైపు చూసింది. తరవాత మెల్లిగా అంది. "ఫణీంద్ర గారు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఫణీంద్ర గోడ దగ్గర్నుంచి కదల్లేదు. "నాకా?" అన్నాడు.

"మీకేనండి," అన్నాడు భానోజీ. పిట్టని వాడే తీసుకెళ్ళి అందించాడు.

ఫణీంద్ర పుల్ల పట్టుకుని గొంతుకూర్చున్నాడు. పిట్టని పైకెక్కించి వదిలాడు. టకటకటక. కిందికి దిగాక కాసేపు దాన్నే చూశాడు. ఎవరూ అడక్కుండానే మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ ఎక్కించాడు. ముందు శశిరేఖ నవ్వింది, తరవాత అందరూ నవ్వారు.

భానోజీ వెళ్ళి ఖాళీ బల్ల మీద కూలబడ్డాడు. అలమరలో ఆ చోటు ఇంకెప్పటికీ ఖాళీయే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గవరయ్య గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"కడుపు మండుతోందేటిరా?"

"మండుతోందండి. బాగా మండుతోంది."

"ఎవరి మీద?"

భానోజీ తలెత్తాడు. పిట్టని ఒళ్ళో పెట్టుకున్న శశిరేఖని చూశాడు. ఇంకా గొంతుకూర్చునే ఉన్న ఫణీంద్రని చూశాడు. డబ్బా వైపు చూశాడు. పక్కనున్న గురువుగారిని చూశాడు. చాలాసేపు వెతికాడు.

"ఎవరి మీదా లేదండి," అన్నాడు ఆశ్చర్యంగా.

"అయితే బాగానే పంచేవు," అన్నారు గవరయ్య గారు.