మల్కవ్వ మాట

పొద్దు వాలింది. ముసురు పట్టింది.

మీ తాతకు తాత ఇంకా పుట్టని నాటి ముచ్చట ఇది. గుట్ట కింద కురుమల వాడ ఒకటి ఉండేది. ఆ వాడ చివర మల్కవ్వ ఉండేది. కాలు కుంటిది. మగడు లేడు, పిల్లలు లేరు. పగలంతా ఉన్ని వడికేది. ఆకు నూరి మందిచ్చేది. గొర్రెకూ ఆమే, మనిషికీ ఆమే.

ఆ వాడలో ఒక కట్టు ఉండేది. మందిచ్చేవాళ్లు నోరు విప్పొద్దు. పుచ్చుకునేవాళ్లు అడగొద్దు. ఇది ఫలానా దానికని పలికితే మందు పారదు, పని చెయ్యదు అనేవాళ్లు. అందుకని కుడిచేతిలో పెడితే కడుపుకు. ఎడమచేతిలో పెడితే పుండుకు. నేల మీద పెడితే పొగకు. మాట లేదు.

ఒక ముసురు సాయంత్రం కొమురవ్వ మల్కవ్వ గుడిసెకు వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. చిన్నది ఐలు జ్వరంతో కాలిపోతోంది. గొర్రె పుండుకు పురుగు పట్టింది. కొట్టం నిండా ఈగలు. మల్కవ్వ అంతా విన్నది. కుడిచేతిలో ఒక పొట్లం పెట్టింది. ఎడమచేతిలో ఒకటి పెట్టింది. నేల మీద ఒకటి పెట్టింది. మూడూ మోదుగాకు పొట్లాలే.

బయటికి వచ్చేసరికి వాన పెద్దదయింది. పొట్లాలు తడుస్తాయని కొమురవ్వ మూడింటినీ గొంగడి కొసకు మూట కట్టి పరుగెత్తింది. ఇంటికొచ్చి విప్పింది. చేతులు రెండూ ఉన్నాయి. ఏ పొట్లం ఏ చేతిదో తెలియలేదు.

పోయి అడిగి వస్తానని మామ బీరయ్యతో అంది. అడిగితే ఈ మందే కాదు, ఆ ముసలిదాని చేతి గుణమే పోతుందని, వాడంతా నిన్నే తిడుతుందని ఆయన కసిరాడు.

కొమురవ్వ ఒక పొట్లం వాసన చూసింది. రెండోది చూసింది. మూడోది చూసింది. పడిశం పట్టిన ముక్కు ఏం చెబుతుంది? ఎటూ తోచక ఒకదాంట్లోంచి చిటికెడు తీసి గంజిలో కలిపింది. ఐలు తల ఎత్తి పట్టింది. గిన్నె పెదవి దాకా పోయింది.

గడపలో మల్కవ్వ నిలబడి ఉంది. నెత్తి మీంచి నీళ్లు కారుతున్నాయి. మూట కట్టడం చూసి, కుంటికాలితో వాడంతా దాటి వచ్చింది. వంగి గిన్నె వాసన చూసింది. సీతాఫలం ఆకు.

"ఆపు బిడ్డా. అది పుండుకు."

బీరయ్య నోట్లో చుట్ట ఆరిపోయింది.

"పలికితివా మల్కవ్వా. ఇగ నీ మందు పారదు. రేపటి సంది ఉన్నే వడుక్కో."

"వడుకుత బావా. ఆ గొంగడి నువ్వే కప్పుకుందువు గని. ముందు పిల్ల ఉండాలె గద."

అని ఒక్కొక్క పొట్లం చేతికిచ్చి చెప్పింది. ఇది కడుపుకు. ఇది పుండుకు. ఇది పొగకు. కొమురవ్వ తిరిగి అంది. కడుపుకు. పుండుకు. పొగకు. మామ చూస్తుండగానే అంది.

ఇక మందు పారుతుందా లేదా అని అందరూ కూర్చున్నారు. పొగ వేస్తే ఈగలు పోయాయి. పుండుకు పెడితే పురుగు రాలింది. తెల్లారేసరికి ఐలుకు చెమట పట్టింది. కళ్లు తెరిచి గంజి అడిగింది.

మధ్యాహ్నం బీరయ్య నొప్పి మోకాలు పట్టుకొని మల్కవ్వ గుడిసెకు పోయాడు. ఆమె ఆయన కుడిచేతిలో పొట్లం పెట్టి ఊరుకుంది. ఆయన కదల్లేదు.

"దేనికో చెప్పరాదే."

"అడిగితే గద చెప్త," అంది మల్కవ్వ.

మల్కవ్వ నిండుగా బతికింది. ఒక ఎండాకాలం పొద్దున కదురు పక్కన పెట్టి కన్ను మూసింది. ఆమె మాట మాత్రం వాడలో ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడ మందిచ్చేవాళ్లు కడుపుకో, పుండుకో, పొగకో చెప్పి ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు ఆ మాటే తిరిగి అని గాని పొట్లం ముట్టరు. పిల్లలు మందు తెస్తే తల్లులు గడపలోనే ఆపుతారు. "మల్కవ్వ మాట తెచ్చినవా?" అని అడుగుతారు.

కొమురవ్వ ముసలిదయ్యేదాకా ఇంకొకటి కూడా చేసేది. ముసురు పట్టిన సాయంత్రాల్లో గడపలో నిలబడి, ఇల్లు చేరిన ఒక్కొక్కరినీ పైకి పలికేది. పెద్దోడు వచ్చె. నడిపోడు వచ్చె. తన బిడ్డను చంకనేసుకొని ఐలు వచ్చె.

అప్పుడు తలుపు వేసేది.